నొప్పి తెలియకుండా పన్ను తీయించడం

ఆ రోజుకి జనార్దనరావు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడేళ్ళ కూతురు సుధేష్ణని సాయంత్రం నాలుగింటికి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, కిందివరసలో ఒక పాలపన్ను తీయించాలి, మళ్ళీ ఇంటికి తీసుకురావాలి. కొత్త పన్ను వెనకనుంచి అప్పుడే మొలుచుకొచ్చింది. పాతది మాత్రం లీజు అయిపోయినా ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెవాడిలా, కాస్త కదులుతూనే అక్కడే కూర్చుంది. పోయిన వారం చూసిన డాక్టరు, "రెండు నిమిషాల పని," అనేసింది.

భార్య గిరిజాకుమారి తెల్లారకముందే కారేసుకుని, దేశానికి దక్షిణపు కొసనున్న రింగాస్కిడీ బయల్దేరింది. అక్కడ ఓడరేవు పక్కనున్న మందుల ఫ్యాక్టరీలో ఆమె కంపెనీవాళ్ళు పెట్టిన కంప్యూటర్ సిస్టమ్‌కి ఆ రోజు పరీక్ష. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి మొగుడికి ఒకే ఒక్క మాట చెప్పింది.

"దానికేం చెప్పకండి. తీసుకెళ్ళండి, తీసుకురండి. అంతే. స్పీచులొద్దు."

"స్పీచులేంటి? నేనేమన్నా..."

"మీ సంగతి నాకు తెలుసండీ."

ఆ మాట జనార్దనరావుకి కొంచెం గుచ్చుకుంది. అతను డబ్లిన్‌లో ఒక ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరు. గుంటూరులో చదివి, ఐర్లండు వచ్చి ఆరేళ్ళయింది. ఆపరేషన్ బల్ల మీద వణికిపోతున్న మనిషితో తియ్యగా నాలుగు మాటలు మాట్లాడి, అతను నవ్వుతుండగానే మత్తులోకి పంపించడం తన ప్రత్యేకత అని అతని నమ్మకం. ఆ నవ్వు ఈయన మాటలకి వచ్చిందా, అప్పటికే నరంలోకి ఎక్కిన మందుకి వచ్చిందా అన్న అనుమానం థియేటర్ నర్సులకి ఉండేది గాని, అతనికి ఎన్నడూ రాలేదు. ఊళ్ళోవాళ్ళందరి భయాలూ పోగొట్టేవాడు, సొంత కూతుర్ని ఒక్క ముక్కైనా చెప్పకుండా మేకపిల్లని లాక్కెళ్ళినట్టు లాక్కెళ్ళడమా? గిరిజకి కంప్యూటర్ల సంగతి తెలుసు. పేషెంట్ల సంగతి ఏం తెలుసు?

ఈస్టర్ సెలవులు. సుధేష్ణ వంటింట్లో కాళ్ళాడిస్తూ కార్న్‌ఫ్లేక్స్ తింటోంది. కిటికీలోంచి చూస్తే, వాళ్ళుండే క్లాండాల్కిన్ పేట అంతటా క్రేన్లే. రెండేళ్ళ కిందట ఖాళీ స్థలాలున్న చోటల్లా ఇళ్ళు లేస్తున్నాయి, పెద్దరోడ్డు వెంట లూవాస్ ట్రాము పట్టాలు పడుతున్నాయి. ఆ పిల్లకి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం అచ్చమైన డబ్లిన్ యాసలో ఇంగ్లీషులో వస్తుంది. మనకి వీలుగా ఉండటానికి ఆ జవాబుల్ని ఇక్కడ తెలుగులోనే చెప్పుకుందాం.

"సుధా, భయపడకమ్మా," అన్నాడు జనార్దనరావు, ఎదురుగా కుర్చీ లాక్కుని.

"దేనికి?"

"అదే... నాలుగింటి సంగతి."

"నాకేం భయం? మా క్లాసులో ఈఫాకి పోయిన నెల తీశారు. డైనోసార్ స్టిక్కర్ ఇచ్చారంట."

ఇక్కడ ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు.

"వెరీ గుడ్. భయం లేకపోతే మంచిదే. ఉన్నా తప్పులేదు. ఆ సూది చూస్తే పెద్దపెద్దవాళ్ళే..."

"సూదా?" సుధేష్ణ కాళ్ళాడించడం మానేసింది.

జనార్దనరావు నాలిక కరుచుకున్నాడు. పిల్లల్ని భయపెట్టే మాటలు వాళ్ళ ముందు అనకూడదని అతనికి తెలుసు. అందుకని వెంటనే దిద్దుబాటు మొదలుపెట్టాడు. "చూడు, ఇవాళ మనింట్లో ఎవరూ మూడు మాటలు అనకూడదు. సూది, నొప్పి, పీకడం. ఈ మూడు మాటలూ బంద్. సరేనా?"

తనకి జరగబోయేవి మూడు ఉన్నాయని సుధేష్ణకి అలా తెలిసింది.

పిల్ల మొహం చిన్నబోవడం చూసి జనార్దనరావుకి జాలేసింది, దాంతోపాటు హుషారూ వచ్చింది. పోగొట్టడానికి ఇప్పుడు నిజంగానే ఒక భయం ఉంది మరి. చెప్పడం అయింది, ఇక చూపించాలి. సుధేష్ణకి మఫిన్ అనే ఎలుగుబంటి బొమ్మ ఉంది. పాకే వయసునుంచీ దాన్ని పట్టుకునే నిద్రపోతుంది. జనార్దనరావు మఫిన్‌ని బల్లమీద పడుకోబెట్టి, గిరిజ కుట్టుడబ్బాలోంచి తెల్లబొత్తాం తీసి, దాని మూతికి పన్నులాగా కుట్టాడు. మెడికల్ కాలేజీలో నేర్చుకున్న ముడి వేశాడు. తర్వాత ప్రెస్‌లోంచి పట్టకారు తీశాడు. ఈ దేశంలో అలమారని ప్రెస్ అంటారు, ఆ ఇంట్లో తెలుగులోనూ అదే మాట.

"ఇప్పుడు చూడు. మఫిన్ నోరు తెరుస్తుంది. మనం ఇలా పట్టుకుంటాం. మెల్లగా, మెల్లగా..."

బొత్తాం రాలేదు. ముడి అంత గట్టిది. జనార్దనరావు ఇంకొంచెం లాగాడు. కాలేజీ పరువు గుర్తొచ్చిందేమో, మోచెయ్యి బల్లకి ఆనించి ఇంకా గట్టిగా లాగాడు. పర్‌మని శబ్దమైంది. మొండెం బల్లమీదే ఉంది. తల పట్టకారుతోపాటు పైకొచ్చింది, వెనకాలే తెల్లటి దూది తోకలాగా వచ్చింది. బొత్తాం మాత్రం మూతికి అలాగే అంటిపెట్టుకుని ఉంది.

సుధేష్ణ చెంచా పట్టుకునే వెక్కడం మొదలుపెట్టింది.

"ఏడవకు నాన్నా, ఏడవకు. కుట్టేస్తాను. అసలిది ఎందుకిలా అయిందో తెలుసా? మఫిన్‌కి ముందు మనం మత్తివ్వలేదు కదా. నీకలా కాదు. నీకు మరీ భయంగా ఉందనుకో, ముందే నిన్ను పుట్ టు స్లీప్ చేసేయొచ్చు." మత్తు సంగతి తెలుగులో చెబితే పిల్లకి ఎక్కదేమోనని ఆ ఒక్క మాటా ఇంగ్లీషులో అన్నాడు.

సుధేష్ణ చెంచా కింద పెట్టింది. "ఎవరు చేస్తారు?"

"అవసరమైతే నేనే చేస్తా. రోజూ చేసే పనే కదా తల్లీ అది."

"రోజూనా? పిల్లల్ని కూడానా?"

"పిల్లలు, ముసలివాళ్ళు, అందర్నీ."

"వాళ్ళ మామ్‌లు ఒప్పుకుంటారా?"

"సంతకాలు పెట్టి మరీ అప్పగిస్తారు."

"తర్వాత?"

"తర్వాతేముంది? నొప్పి ఉండదు, ఏడుపు ఉండదు. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు కూడా నా మీద కంప్లైంట్ చెయ్యలేదు."

సుధేష్ణ మొహంలో రక్తం లేదు.

దానికి కారణం పక్కింట్లో ఉంది. పక్కింటి మిసెస్ బ్రెనన్ అరవై దాటిన ఒంటరి మనిషి. ఆమెకి బ్రూనో అనే ముసలి కుక్క ఉండేది. రెండు వారాల కిందట అది లేవలేని స్థితికొస్తే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బ్రూనో ఏదని సుధేష్ణ అడిగితే ఆమె కళ్ళు తుడుచుకుంటూ, దాన్ని 'పుట్ టు స్లీప్' చేయించామని చెప్పింది. బ్రూనో మళ్ళీ లేవలేదు. పెరట్లో గులాబీ మొక్క కింద ఉంది. మనిషికి మత్తివ్వడానికీ, ముసలి కుక్కకి నొప్పి లేని చావివ్వడానికీ ఇంగ్లీషులో వాడే మాట ఒకటే. జనార్దనరావుకి అందులో మొదటి అర్థం తప్ప తెలియదు. సుధేష్ణకి రెండోది తప్ప తెలియదు.

"నేను అమ్మకి ఫోన్ చేస్తా," అంది సుధేష్ణ చిన్నగా.

"ఇప్పుడొద్దమ్మా, అమ్మ పనిలో ఉంటుంది. అంతా అయిపోయాక చెబుదాం."

సుధేష్ణ కుర్చీ దిగింది. మఫిన్ మొండేన్ని చంకలో పెట్టుకుని, పెరట్లో ఆడుకుంటానంది. తలుపు తీసుకుని నిశ్శబ్దంగా వెళ్తున్న కూతుర్ని చూసి జనార్దనరావు గుండె పొంగింది. ఎంత ధైర్యం! నాలుగు మాటలు చెప్పగానే ఎంత నిబ్బరం!

కాసేపటికి గోడ అవతలినుంచి పిలుపొచ్చింది.

"జాన్! ఒకసారి ఇటు రా." జనార్దన అన్న పేరుతో ఓ నెల కుస్తీపట్టి, మిసెస్ బ్రెనన్ దాన్ని జాన్‌గా ఖాయం చేసింది. తాడుమీద దుప్పటి ఆరేస్తూ ఆరేస్తూ మధ్యలో ఆపినట్టుంది. ఆమె వెనకాల, లంగా కుచ్చెళ్ళు పట్టుకుని సుధేష్ణ నిలబడి ఉంది. "ఇవాళ నాలుగింటికి ఏంటి సంగతి?"

జనార్దనరావు పెదాల మీద వేలు పెట్టుకుని కన్నుగీటాడు. "పిల్ల ముందు ఆ మాట మేం అనడం లేదు."

"అయితే నిజమేనా?"

"ఇంక వాయిదా వెయ్యడానికి లేదండీ. కొత్తది వచ్చేసింది. పాతది పోతేగాని దానికి చోటుండదు."

మిసెస్ బ్రెనన్ గోడ పట్టుకుంది. "కొత్తదా? అప్పుడేనా?"

"పోయిన వారమే చూశాం. చాలా ఆరోగ్యంగా ఉంది."

"మరి ఈ సంగతి వాళ్ళమ్మకి తెలుసా?"

"అపాయింట్‌మెంట్ తీసుకున్నదే ఆమె," అన్నాడు జనార్దనరావు నవ్వుతూ. తర్వాత గొంతు తగ్గించి, ఆమెకి ధైర్యం చెప్పాడు. "మీరేం కంగారుపడకండి. ఒక్క క్షణం. దానికేమీ తెలియదు. ఈ పని నేను వేలమందికి చేశాను."

మిసెస్ బ్రెనన్ తెలివితక్కువ మనిషి కాదు. ఇందులో ఎక్కడో ఏదో పొరపాటుందని ఆమెకీ అనిపించింది. కాని చంకలో తలలేని బొమ్మతో ఒక పిల్ల వచ్చి, మా నాన్న ముందు దీని మీద ప్రాక్టీస్ చేశాడని, నాలుగింటికి నన్ను పుట్ టు స్లీప్ చేస్తాడని చెబితే, పొరపాటు కాకపోతే ఏమిటన్న ప్రశ్న కూడా వస్తుంది. "రా బంగారం, నీకు బిస్కెట్ ఇస్తాను," అని పిల్లని లోపలికి తీసుకెళ్ళింది. వంటింటి తలుపు గడియ వేసింది, వీధి తలుపు గడియ వేసింది, గార్డ్స్‌కి ఫోన్ చేసింది. అక్కడ పోలీసుల్ని గార్డ్స్ అంటారు.

ఎంత మంచి ఇరుగుపొరుగు అనుకుంటూ జనార్దనరావు ఇంట్లోకొచ్చాడు. మఫిన్‌తో కలిగిన నష్టాన్ని పూడ్చడానికి అతని దగ్గర ఇంకో ఉపాయం ఉంది. మందుల షాపులోంచి తెచ్చిన తిమ్మిరి జెల్. స్ట్రాబెర్రీ వాసనేస్తుంది. సూది వెయ్యబోయే ముందు చిగురుకి రాస్తే సూది దిగినట్టే తెలియదు. అది తన పెదవికి రాసుకుని, పిల్ల ముందు కసుక్కున కొరుక్కుని చూపిస్తే? దాన్ని మించిన రుజువేముంది?

పిల్ల వచ్చేలోగా ఒకసారి సరిచూసుకుందామని కింది పెదవికి రాశాడు. పెద్దగా ఏం తెలియలేదు. ఇంకొంచెం రాశాడు. పై పెదవికి కూడా రాశాడు. రుచి బాగుండటంతో నాలిక దానంతటదే వచ్చి కొంత తీసుకుంది. పేషెంట్లకి మందు చుక్క చుక్కా కొలిచి ఇచ్చే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి కంటి అంచనాతో సరిపెట్టాడు. కాసేపటికి అద్దంలో చూసుకుంటే కింది పెదవి ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది. కొరికి చూశాడు. ఏమీ తెలియలేదు. అద్భుతం.

ఇక పిల్లని పిలుద్దామని బయల్దేరాడు. వట్టి చేతులతో ఎందుకు వెళ్ళాలి? మఫిన్ తలని ఇవాళే కుట్టేస్తానని చెప్పడానికి తల తీసుకున్నాడు. బొత్తాం ఇంకా పట్టకారులోనే ఇరుక్కుని ఉంది కాబట్టి పట్టకారు కూడా వెంట వచ్చింది.

మిసెస్ బ్రెనన్ తలుపు తియ్యలేదు. ఉత్తరాలు వేసే సందులోంచి ఆమె గొంతు వినబడింది. "పిల్ల నా దగ్గర క్షేమంగా ఉంది, జాన్. గార్డ్స్ వస్తున్నారు. వాళ్ళొచ్చేదాకా నువ్వు నీ ఇంట్లో ఉండు."

జనార్దనరావు ఆ సందు వైపు తెల్లబోయి చూశాడు. గార్డ్స్ ఎందుకు? మెల్లగా, ముక్కముక్కగా, గోడ దగ్గర తనన్న మాటలు గుర్తొచ్చాయి. పిల్ల ముందు అనకూడదనుకున్న మాట ఇప్పుడు అనక తప్పదు. సందు దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, అది ఒట్టి పన్ను, టూత్, అని చెప్పబోయాడు. నాలిక మంచంపట్టినదానిలా కదిలింది.

"ఇథ్ ఓల్లీ ద థ్రూథ్! ద థ్రూథ్!"

లోపల్నించి మిసెస్ బ్రెనన్ సుధేష్ణతోనో, ఫోన్‌లో ఇంకెవరితోనో అనడం అతనికి వినబడింది: "అంతా ట్రూతే అంటున్నాడు. నిజమేనని తనే ఒప్పుకుంటున్నాడు!"

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో గార్డ్స్ కారు తిరిగింది. అందులోంచి పొడుగాటి కుర్రగార్డు ఒకడు దిగి, టోపీ సర్దుకుంటూ వచ్చాడు. అతనికి గుమ్మం ముందు మోకాళ్ళమీద కూర్చున్న ఒక మనిషి కనిపించాడు. ఒక చేతిలో ఎలుగుబంటి తల, ఇంకో చేతిలో పట్టకారు, గడ్డం మీదుగా సన్నగా కారుతున్న చొంగ.

"గుడ్ మార్నింగ్ సార్," అన్నాడు గార్డు, కాస్త దూరంలోనే ఆగి. "ఏమన్నా పుచ్చుకున్నారా ఇవాళ?"

జనార్దనరావు అబద్ధం చెప్పే మనిషి కాదు. జెల్ సంగతి తలుచుకుని అవునని తలూపాడు.

"ఎంత పుచ్చుకున్నారు?"

చాలా, అన్నట్టు చేతులు చాపాడు. తర్వాత అసలు సంగతి సైగలతో చెబుదామని నోరు పెద్దగా తెరిచి, పట్టకారుని తన ముందుపళ్ళ వైపు పెట్టి, లాగినట్టు చూపించాడు. గార్డు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ముందు ఆ వస్తువు కింద పెట్టండి సార్. నెమ్మదిగా. బొమ్మని కూడా."

వీధిలో కిటికీ తెరలన్నీ కదిలాయి. ఎదురింట్లో రంగులు వేస్తున్న పనివాళ్ళు నిచ్చెన మీదే ఆగిపోయారు. డాక్టరు జనార్దనరావు చేతులు పైకెత్తి నిలబడ్డాడు. అతనికి తట్టిన తెలివైన పని ఒకటే. జేబులో సెల్‌ఫోన్ ఉందని వేలితో చూపించి, గార్డు అనుమతితో దాన్ని తీసి, గిరిజ నంబరు నొక్కి, అతని చేతికిచ్చాడు.

రింగాస్కిడీలో ఒక మీటింగ్ గదిలో గిరిజాకుమారి ఫోన్ ఎత్తింది. గార్డు తన పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, పిల్ల క్షేమమేనని ముందే చెప్పాడు. "మేడమ్, మీ భర్త ఇవాళ నాలుగింటికి మీ అమ్మాయిని పుట్ టు స్లీప్ చేయబోతున్నారని మాకు సమాచారం. మీరే అపాయింట్‌మెంట్ తీసుకున్నారని కూడా అంటున్నారు."

తర్వాత గిరిజ ఏదో అడిగింది, గార్డు ఏదో చెప్పాడు. అతని మొహంలో గీతలు ఒక్కొక్కటే సడలాయి. చివరికి ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టి తలుపు వైపు తిరిగాడు. "మిసెస్ బ్రెనన్, అది టూత్ అట! పాలపన్ను! నాలుగింటికి డెంటిస్టు దగ్గర!"

తర్వాత ఫోన్ జనార్దనరావు చెవి దగ్గర పెట్టాడు.

"నేను వెళ్తూ ఏం చెప్పాను మీకు?" అంది గిరిజ.

"థ్పీచులొద్దన్నావు."

"ఏంటా మాట? ఎలా ఉన్నారు మీరు?"

దానికి వివరం చెప్పడం ఆ నాలికతో అయ్యే పని కాదు.

తలుపు తెరుచుకుంది. మిసెస్ బ్రెనన్ మొహం ఎర్రగా కందిపోయింది. సుధేష్ణ మాత్రం ఆమె వెనకనుంచి ఇవతలికి రాలేదు. "నేను రాను," అంది. "డాడీ మళ్ళీ ఏదో చెప్తాడు."

జనార్దనరావుకి చెప్పాలనే ఉంది. ఆసుపత్రిలో అయితే ఈపాటికి ఎన్ని మాటలు దొర్లేవో! ఇప్పుడు ఒక్కటి కూడా బయటికి రాదు. చేసేదిలేక గుమ్మం ముందు అలాగే చతికిలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గార్డు తన బూట్లు చూసుకున్నాడు.

సుధేష్ణ ఒక అడుగు ముందుకేసింది. నాన్న పెదవి వేలాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంకో అడుగు వేసి, వేలితో ఆ పెదవిని పొడిచింది.

"తెలుస్తోందా?"

లేదని తలూపాడు.

గిల్లింది. "ఇప్పుడు?"

లేదు. రెండు వేళ్ళతో పట్టుకుని రబ్బరులా సాగదీసి వదిలింది. అది టప్‌మని వెనక్కెళ్ళి తగిలింది. సుధేష్ణ పొద్దుటినుంచీ మొదటిసారి నవ్వింది.

"నాకు రాసేది ఇదేనా?"

అవును.

నవ్వు ఆగింది. "అయితే నన్ను నిద్రపుచ్చరు కదా? బ్రూనో లాగా?"

పక్కింటి బ్రూనో మళ్ళీ లేవలేదని జనార్దనరావుకి అప్పుడు గుర్తొచ్చింది. సంతకాలు పెట్టి మరీ అప్పగిస్తారు. నొప్పి ఉండదు, ఏడుపు ఉండదు. అమ్మకి తర్వాత చెబుదాం. పొద్దుట తన నోటివెంట వచ్చిన ఒక్కొక్క మాటా, ఇప్పుడు కూతురి చెవులతో వినబడింది. ఇవన్నీ మోసుకుంటూ ఈ పిల్ల పెరట్లోకి నడిచివెళ్తే తను ధైర్యమనుకున్నాడు. లేదు, లేదు, లేదని తల అడ్డంగా ఊపుతూ, దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకున్నాడు. సుధేష్ణ మొదట బిర్రబిగుసుకుని, తర్వాత మెత్తబడింది.

"సరే, అంతా గ్రాండ్," అన్నాడు గార్డు, గొంతు సవరించుకుని. వెళ్తూ వెళ్తూ ఎలుగుబంటి తల నేలమీంచి తీసి, దుమ్ము దులిపి, మిసెస్ బ్రెనన్ చేతికిచ్చాడు. ఇలాంటి కేసుల్లో కుట్టేపని ఎవరికి అప్పగించాలో అతనికి తెలుసు.

నాలుగింటికి వెళ్ళడానికి సుధేష్ణ రెండు షరతులు పెట్టింది. మిసెస్ బ్రెనన్ కూడా రావాలి. డాడీ రావచ్చు గాని మాట్లాడకూడదు. అప్పటికి అతని నోరు బాగుపడింది. అయినా రెండో షరతుకి బేషరతుగా ఒప్పుకున్నాడు.

పళ్ళ డాక్టరు పేరు షివాన్. నొప్పి ఉండదని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ముందు సుధేష్ణ చేత కుర్చీని పైకీ కిందికీ ఆడించింది. చేతికి చిన్న అద్దం ఇచ్చింది. పళ్ళు లెక్కపెడుతూ కావాలని తప్పు లెక్క చెప్పింది, సుధేష్ణ దిద్దింది. తర్వాత చిగురుకి జెల్ రాసి చెప్పింది: "ఒక చిన్న చురుకు తగులుతుంది. తర్వాత గట్టిగా నెట్టినట్టు ఉంటుంది. నీకు ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు ఎడంచెయ్యి ఎత్తు. నేను ఆపేస్తాను."

సుధేష్ణ వెంటనే చెయ్యెత్తింది. డాక్టరు ఆగిపోయింది. సుధేష్ణ చెయ్యి దించింది. డాక్టరు కదలగానే మళ్ళీ ఎత్తింది. డాక్టరు మళ్ళీ ఆగింది. ఈ మనిషి చెప్పిన మాట ప్రకారం నడుచుకుంటుందని రూఢి చేసుకున్నాక, సుధేష్ణ వెనక్కి వాలి నోరు తెరిచింది. సూది వచ్చింది, వెళ్ళింది. పిల్ల కనుబొమలు ఒక్కసారి ముడిపడి విడిపోయాయి.

కొంతసేపటికి చెయ్యి మళ్ళీ లేచింది. గదిలో అందరూ బిగుసుకుపోయారు.

"మా డాడీ గట్టిగా ఊపిరి పీలుస్తున్నాడు," అంది సుధేష్ణ. "నాకు నవ్వొస్తోంది. బయటికి పంపిస్తారా?"

డాక్టరు మిసెస్ బ్రెనన్ వైపు చూసింది. మిసెస్ బ్రెనన్ జనార్దనరావు మోచెయ్యి పట్టుకుని బయటి గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అక్కడ పాత పత్రికలు, ఒక చేపలతొట్టి ఉన్నాయి. మూసిన తలుపు వెనకనుంచి ఏ చప్పుడూ రావడం లేదు. ఆపరేషన్ థియేటర్ తలుపుకి అవతలివైపు కూర్చోవడం జనార్దనరావుకి ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళుగా తను "ఏం కంగారులేదు" అని చెప్పి వచ్చేసిన తల్లులూ తండ్రులూ కూర్చునే చోటు ఇదన్నమాట. కళ్ళు మండాయి. మిసెస్ బ్రెనన్ సంచిలోంచి కాగితం రుమాలు తీసి ఇచ్చింది. అది తడిసిపోతే ఇంకోటి ఇచ్చింది.

"పొద్దున జరిగినదానికి సారీ, జాన్," అంది చేపల వైపు చూస్తూ. "కాని అలాంటి మాట మళ్ళీ వినబడితే మళ్ళీ ఫోన్ చేస్తాను."

"చెయ్యండి," అన్నాడు జనార్దనరావు. మనస్ఫూర్తిగానే అన్నాడు. చుట్టాలూ పక్కాలూ లేని ఊళ్ళో, తన కూతురి కోసం తనమీదే పోలీసుల్ని పిలిచే మనిషి గోడ అవతల ఉంది. ఇది ఎంత బలమో గిరిజకి చెప్పాలనుకున్నాడు. వీలైనన్ని తక్కువ మాటల్లో.

తలుపు తెరుచుకుంది. బుగ్గలో దూది, ఛాతీమీద డైనోసార్ స్టిక్కర్, చేతిలో చిన్న డబ్బీతో సుధేష్ణ వచ్చింది. డబ్బీలో పన్ను గలగలలాడింది. ఎప్పుడు తీశారో తనకే సరిగ్గా తెలియదట. అంతేనా అని అడిగితే డాక్టరు అంతే అందట.

"ఇంత నిబ్బరంగా కూర్చున్న పిల్లని ఈమధ్య చూడలేదు," అంది డాక్టరు షివాన్, చేతితొడుగులు తీస్తూ. "ముందే బాగా తయారుచేసి తీసుకొచ్చినట్టున్నారు. ఇంట్లో ఏం చెప్పారు?"

జనార్దనరావు నోరు తెరిచాడు. కూతురి వైపు చూశాడు. నోరు మూశాడు.

మిసెస్ బ్రెనన్ కారెక్కుతుంటే గిరిజ ఫోన్ చేసింది. రింగాస్కిడీలో ఆమె పరీక్ష కూడా అప్పుడే అయిందట.

"అయిపోయిందా? ఏడ్చిందా?"

"అది ఏడవలేదు," అన్నాడు జనార్దనరావు.

"అది ఏడవలేదంటే? మరెవరు ఏడ్చారు?"

ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు, ఇంటికెళ్ళాక మాట్లాడతానని చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం ఐర్లండు మొత్తం మీద సిగ్నల్‌కి ఏ లోటూ లేదు.